పెన్నీ పాటలను భద్రపరచిన పీప్స్ మహాశయుడు

గ్రంథాలయమున ఉంచదగినవి యేవి, ఉంచదగనివి యేవి అను ప్రశ్న నేటిది కాదు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరమున 1602లో గొప్ప గ్రంథాలయమును నెలకొల్పిన సర్ థామస్ బాడ్లీ, నాటకములును పంచాంగములును చిల్లర పుస్తకములని యెంచి, వానిని తన గ్రంథాలయమున చేర్చవలదని 1612లో గ్రంథపాలకునికి వ్రాసెను. ఆయన పండితుడు, దాత. ఆయన యుద్దేశము చెడ్డది కాదు. కాని ఆ శతాబ్దముననే మరియొక పుస్తకప్రియుడు ఇందుకు భిన్నమైన మార్గమును త్రొక్కెను. ఆయనయే శామ్యూల్ పీప్స్.

పీప్స్ 1633 ఫిబ్రవరి 23వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి దర్జీ. తల్లి వివాహమునకు పూర్వము బట్టలుతికి జీవించినది. సామాన్య కుటుంబమున పుట్టినను, చదువుపై గల మక్కువచే కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కళాశాలలో పట్టము పొందెను. 1660లో బంధువు సాయమున నౌకాదళ కార్యాలయమున ఉద్యోగము లభించెను. లెక్కలలో తన కొరత గుర్తించి, ఇరువదితొమ్మిదేండ్ల వయస్సున తెల్లవారుజామున లేచి ఎక్కములు వల్లించెను. అట్టి పట్టుదలచే 1673 నాటికి నౌకాశాఖ కార్యదర్శి పదవి నందుకొనెను. 1679లో శత్రువుల అభియోగమువలన కారాగృహమున కొంతకాల ముండవలసివచ్చినను, నేరము ఋజువు కాలేదు. 1684లో రాయల్ సొసైటీకి అధ్యక్షుడయ్యెను. 1687లో వెలువడిన న్యూటన్ మహాగ్రంథపు ముఖపత్రముపై ఆయన పేరు నేటికిని కాననగును.

ఇంతటి అధికారి వినోదప్రియుడు కూడ. ఇంగ్లండులో 1642లో నాటకశాలలు మూతపడి, 1660లో రాజు తిరిగివచ్చిన పిమ్మటనే తెరువబడినవి. ఆ సంవత్సరము జనవరి 1వ తేదీననే పీప్స్ సంకేతలిపిలో దినచర్య వ్రాయ నారంభించెను. చూచిన ప్రతి నాటకము, విన్న ప్రతి పాట అందు చోటుచేసికొనినవి. మన రంగస్థలమున వలెనే అక్కడను పూర్వము స్త్రీ పాత్రలను పురుషులే ధరించెడివారు. 1661 జనవరి 3వ తేదీన తొలిసారి స్త్రీలు రంగస్థలముపై నటించుట చూచినట్లు ఆయన వ్రాసికొనెను. 1662 మే నెలలో బజారున ఇటలీ దేశస్థుడు చూపిన బొమ్మలాటను చూచి ఆనందించెను. నాటకముల మోజు పనికి అడ్డుగా నున్నదని తలచి, ఇక చూడనని ఒట్టు పెట్టుకొనుటయు, తప్పినపుడు బీదల నిధికి జరిమానా చెల్లించుటయు ఆయనకు మామూలు. చూపు పోవునను భయముచే 1669లో దినచర్యను మానెను. ఆ యేడే భార్య ఎలిజబెత్ మరణించెను.

ఆ కాలమున లండను వీథులలో పాటగాండ్రు ఒక పక్క అచ్చువేసిన పాటల కాగితములను పాడుచు, పెన్నీకి ఒకటి చొప్పున అమ్మెడివారు. మన తిరునాళ్లలోని గుజిలీ ప్రతుల వంటివే అవి. యుద్ధములు, ఉరిశిక్షలు, ప్రేమకథలు, తాగుబోతుల హాస్యము అన్నియు అందుండెడివి. జనులు వానిని కొని, పాడి, గోడల కంటించి, చినిగిన పిమ్మట పొట్లములు కట్టెడివారు. జాన్ సెల్డెన్ అను న్యాయకోవిదుడు సేకరించిన కొన్నిటితో మొదలిడి, 1700 వరకు పీప్స్ సేకరించుచు వచ్చెను. 1,800కు మించిన పాటలను భక్తి, చరిత్ర, ప్రేమ, సముద్రము, హాస్యము మున్నగు తరగతులుగా విభజించి ఐదు సంపుటములలో అతికించెను. పుటకు సరిపడునట్లు అంచులు కత్తిరించుట ఒక లోపమే యైనను, ఆ కత్తిరించిన చేయియే వానిని కాపాడినది. పెన్నీ వినోదపుస్తకములు, వీథివర్తకుల కేకలను చూపు బొమ్మలు సైతము ఆయన బీరువాలలో చేరినవి.

అద్దపు తలుపుల బీరువాలు పండ్రెండు, గ్రంథములు మూడువేలు: ఇది ఆయన గ్రంథాలయము. 1703 మే 26వ తేదీన క్లాఫాములో కన్నుమూయుటకు ముందు వ్రాసిన మరణశాసనములో దానిని మేనల్లుడు జాన్ జాక్సన్ జీవితకాల మనుభవించి, తరువాత మాడ్లిన్ కళాశాలకు చేర్చవలెననియు, ఒక్క పుస్తకము కలుపరాదు, తీయరాదనియు నియమించెను. నియమము తప్పిన ట్రినిటీ కళాశాలకు చెందవలెననెను. 1724లో ఆ గ్రంథములు మాడ్లిన్ చేరినవి. ఆ నియమబలముచే పెన్నీ పాట, న్యూటన్ గ్రంథము ఒకే కప్పు క్రింద నిలిచినవి. సంకేతలిపి దినచర్యను సైతము జాన్ స్మిత్ అను విద్యార్థి 1819 మొదలు మూడేండ్లు శ్రమించి చదువగా, 1825లో అది వెలుగు చూచెను. ఆ లిపిని నేర్పు పుస్తకము అదే గ్రంథాలయమున నున్నదని ఆతడెరుగడు.

ఆక్స్‌ఫర్డు గ్రంథాలయమున జరిగినది వేరు. 1623లో వెలువడిన షేక్స్పియరు నాటక సంపుటము అచటికి చేరినను, క్రొత్త ముద్రణ రాగానే పాతది అనవసరమని తీసివేసిరి. 1906లో అదే ప్రతిని తిరిగి కొనుటకు చందాలు పోగుచేసి 3,000 పౌన్లు చెల్లింపవలసివచ్చినది. పీప్స్ దాచిన పాటలలో పెక్కింటికి వేరొక ప్రతి లోకమున లేదు. అవి పోయియుండిన ఎంత ధనమిచ్చినను రాకపోయెడివి. నేడు అవి యంత్రములద్వారా దేశదేశముల వారికి లభించుచున్నవి.

పండితుల గ్రంథములను కాపాడువారు పెక్కురు. సామాన్యుడు నవ్విన నవ్వును, పాడిన పాటను కాపాడువారు అరుదు. మన గ్రామమున ఆడిన నాటకపు కరపత్రము, హరికథ ఆహ్వానపత్రము, బుర్రకథ పుస్తకము తెల్లవారిన చిత్తుకాగితము లగుచున్నవి. వానిని దాచుటకు పండ్రెండు బీరువాలు అక్కరలేదు. ఒక అట్టపెట్టె, తేదీయు ఊరిపేరును వ్రాయుటకు ఒక కలము, పారవేయకూడదను ఒక నియమము చాలును. దర్జీ కుమారుడు చేసి చూపిన ఆ పని ఏ పల్లె గ్రంథాలయమునకైనను సాధ్యమే.