కాటన్ దొర పెరటి మడి



ఆర్మూరు నుంచి నిర్మల్ వెళ్ళే దారిలో పోచంపాడ్ దగ్గర దిగి, మీరెప్పుడైనా ఆనకట్ట చూశారా? వానలు బాగా పడిన ఏడు కనుచూపు మేర నీళ్ళే. ఎండలు ముదిరి నీరు వెనక్కి తగ్గినప్పుడు మాత్రం ఆ బురదలోంచి పాత ఊళ్ళ ఆనవాళ్ళు బయటపడతాయి. 1963 జూలై 26న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టే నేటి శ్రీరాంసాగర్. ఆ నీటితో ఎన్నో ఊళ్ళు పచ్చబడ్డాయి. ఆ నీటి కిందే ఎన్నో ఊళ్ళు మునిగాయి. మునిగిన ఊరి సంగతులు ఈనాడు ఎక్కడ ఉన్నాయంటే, అక్కడినుంచి లేచి వచ్చిన ముసలివాళ్ళ మనసుల్లోనే ఉన్నాయి.

ఇదే గోదావరి మీద, కిందుగా ధవళేశ్వరం దగ్గర, మన ఆనకట్టకు వందేళ్ళకు పైగా ముందే ఇంకొక ఆనకట్ట లేచింది. దాన్ని కట్టించిన సర్ ఆర్థర్ కాటన్‌ను మీరెరుగుదురు. గోదావరి జిల్లాల్లో గుర్రం మీద కూర్చున్న ఆయన విగ్రహాలు ఊరూరా కనిపిస్తాయి. ఏటా మే 15న రైతులు వాటికి పూలదండలు వేస్తారు. అయితే ఈ వారం నేను మీకు చెప్పదలచుకున్నది గుర్రం దిగిన కాటన్ గురించి. ఇంగ్లాండులో ఒక చిన్న సంత ఊళ్ళో, తన పెరట్లో మట్టి తవ్వించి గోధుమలు పండించిన ముసలాయన గురించి.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న పుట్టాడు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్‌కు ఆయన పదో కొడుకు. ఆ కుటుంబానిది ఆక్స్‌ఫర్డ్ ప్రాంతంలోని ఉడ్‌కోట్ అనే పల్లె. అన్నల్లో ఒకాయన సైన్యంలో పెద్ద పదవికి ఎదిగాడు, మరొకాయన ఆక్స్‌ఫర్డ్‌లో వర్సెస్టర్ కళాశాలకు అధిపతి అయ్యాడు. ఆర్థర్ ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చదివి, 1821లో మద్రాసు చేరాడు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్ళు.

తంజావూరు సీమలో ఆయనకు ఒక గొప్ప గురువు దొరికాడు. ఆ గురువు మనిషి కాదు, కావేరి మీద పూర్వం చోళులు కట్టిన కల్లణై. ఇసుక నేలలో పునాది ఎలా నిలుస్తుందో ఆ పాత కట్టను చూసే నేర్చుకున్నానని ఆయన దాచకుండా ఒప్పుకున్నాడు. ఆ పాఠంతోనే 1836లో కొల్లిడం మీద ఆనకట్టలు కట్టాడు. తర్వాత ఆరోగ్యం చెడి టాస్మేనియా ద్వీపానికి వెళ్ళాడు. అక్కడే 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను వివాహమాడాడు. మరుసటి సంవత్సరం వారికి కూతురు పుట్టింది. ఆమెకూ తల్లి పేరే పెట్టారు. ఈ అమ్మాయిని గుర్తుపెట్టుకోండి, మన కథకు ఆమే ఆధారం.

అప్పటి గోదావరి సీమ పరిస్థితి వింటే మీ గుండె తరుక్కుపోతుంది. 1833 కరవు, 1839 ఉప్పెన ఆ నేలను పిండి చేశాయి. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో ఏడు లక్షల ముప్పై ఎనిమిది వేలు. 1841 నాటికి అది ఐదు లక్షల అరవై ఒక్క వేలకు పడిపోయింది. పక్కనే అంత పెద్ద నది పారుతుండగా జనం తిండి లేక చచ్చిపోయారు. కాటన్ మనసును తొలిచిన విషయం అదే. 1847లో పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది. రాళ్ళు మోసిన వేలాది కూలీల పేర్లు మనకు మిగల్లేదు. కూలీలను కూడగట్టి పని నడిపించిన వీణెం వీరన్న వంటి ఒకరిద్దరి పేర్లే నిలిచాయి.

1861లో సర్ బిరుదు వచ్చింది. ఉద్యోగం ముగిసింది. 1870ల నాటికి ఆ కుటుంబం డార్కింగ్‌లో కాపురముంది. లండనుకు దక్షిణంగా సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, సర్రే ప్రాంతంలో ఉందా ఊరు. చుట్టూ పల్లెలు, మధ్యలో సంత. మన ఆర్మూరు వంటిదే అనుకోండి. ఉత్తరాన సుద్దరాతి గుట్టలు, దక్షిణాన ఇసుక గుట్టలు, పక్కనుంచి మోల్ అనే చిన్న ఏరు. ఐదు వేళ్ళ కోడిజాతికి ఆ ఊరి పేరే పెట్టారు.

అక్కడ ఆయన హాయిగా విశ్రాంతి తీసుకున్నాడనుకుంటున్నారా? లేదు. 1876లో దక్షిణ భారతంలో మహా కరవు మొదలై రెండేళ్ళు సాగింది. లక్షలాది జనం మాడిపోయారు. రైళ్ళకు కుమ్మరించే డబ్బు కాలువలకు పెట్టండని ఆయన ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉన్నాడు. 1878లో, డెబ్బై ఐదేళ్ళ వయసులో, పార్లమెంటు సంఘం ఎదుట నిలబడి మళ్ళీ అదే చెప్పాడు. వారు ఆయన మాట పట్టించుకోలేదు. జరగబోయేది ముందే చెప్పి, అది జరగడం కళ్ళారా చూసి, ఆ తర్వాత కూడా తన మాట చెల్లకపోతే ఆ మనిషికి ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

ఆయన కుంగి కూర్చోలేదు. పెరట్లోకి నడిచాడు. నదిని మళ్ళించే అధికారం చేతిలో లేదు, కానీ నాలుగు మళ్ళ నేల ఉంది. నాగలి పైపైన గీసిన నేలలో వేళ్ళు కిందికి దిగవని, లోతుగా తవ్వి మట్టిని గుల్ల చేస్తే గాలి ఆడి పంట బలంగా వస్తుందని ఆయన నమ్మకం. ఎనభై దాటిన వయసులోనూ గోధుమ మళ్ళు వేయించి, ఏ మడిలో ఎంత పండిందో పరీక్షించాడు. తక్కువ నేలలో ఎక్కువ మందికి తిండి ఎలా అన్నదే ఆ పెరటి మడిలోనూ ఆయన ప్రశ్న. లోతు దుక్కి విలువ పసుపు పండించే మీకు నేను చెప్పాలా? మట్టి గుల్లగా లేనిదే కొమ్ము ఊరదు కదా!

ఇంతలో కూతురు ఎలిజబెత్ ఆ ఊళ్ళోనే మరో పని పెట్టుకుంది. సాయంత్రం పని దిగిన కూలీలు సారా అంగళ్ళకు పోకుండా, కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక కాఫీ గది తెరిచింది. ఆ అనుభవాలతో 1876లో ఒక పుస్తకం వేసింది. 1877లో నౌకాసేనాని సర్ జేమ్స్ హోప్‌ను వివాహమాడి లేడీ హోప్ అయింది.

1899 జూలైలో, తొంభై ఆరేళ్ళ వయసులో, కాటన్ డార్కింగ్‌లో కన్నుమూశాడు. మరుసటి ఏడాదే, 1900లో, లేడీ హోప్ తండ్రి జీవిత చరిత్ర ప్రచురించింది. ఆనకట్ట లెక్కలు ప్రభుత్వ కాగితాల్లో ఎలాగూ ఉన్నాయి. ఇంట్లో తండ్రి ఎలా ఉండేవాడో, పెరట్లో ఏమి చేసేవాడో చెప్పడానికి కూతురు కావలసి వచ్చింది.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఇదే లేడీ హోప్ 1915లో మరో సంగతి బయటపెట్టింది. 1882లో చనిపోయిన శాస్త్రవేత్త డార్విన్ చివరి రోజుల్లో బైబిలు చదువుతుండగా తాను చూశానని ఆమె చెప్పింది. అప్పటికి ముప్పై మూడేళ్ళు గడిచాయి. అది జరగలేదని డార్విన్ పిల్లలు గట్టిగా ఖండించారు. మన విశ్వాసానికి అనుకూలంగా ఉంది గదా అని అటువంటి కథను మోయడం మనకు తగదు. తండ్రి గురించి రాసినప్పుడు ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇంకా బతికి ఉన్నారు. తప్పు రాస్తే దిద్దేవారు. జ్ఞాపకాన్ని వేళకు రాసి పెట్టడానికీ, ఏళ్ళు గడిచాక చెప్పడానికీ ఉన్న తేడా అది.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీ ఇంట్లోనో, మీ వాడకట్టులోనో పోచంపాడ్ నీటి కింద ఊరు పోగొట్టుకున్న తాతయ్యో అవ్వో ఉండవచ్చు. ఈ ఆదివారం పూజ అయ్యాక ఒక నోటుబుక్కు పట్టుకుని వారి దగ్గర కూర్చోండి. బావి ఎక్కడుండేది, బళ్ళ మీద ఏమేమి ఎక్కించుకుని వచ్చారు, ఏమి వదిలేసి వచ్చారు, అన్నీ అడగండి. ఆ ఊరివాళ్ళే ఇంకొకరికి చదివి వినిపించి సరిచూసుకోండి. దొరగారి పెరట్లోని గోధుమ మడి గురించి ఈనాడు మనం చెప్పుకోగలుగుతున్నామంటే ఒక కూతురు కలం పట్టింది కాబట్టే. మన తాతల చేలకు, వాకిళ్ళకు ఆపాటి విలువ లేదా?