పాత పట్టాలపై కొత్త రైలు: మూడో చక్రం తెచ్చిన మిల్లర్

తీర్థంలో జెయింట్ వీల్ ఎక్కినవారికి ఒక సంగతి అనుభవమే. తొట్టి పైదాకా పోయి కిందికి తిరిగే క్షణంలో పేగులు గొంతులోకి వచ్చినట్టవుతుంది. ఆ ఒక్క క్షణాన్ని పదే పదే ఇవ్వడానికి అమెరికాలో కొయ్య దూలాలతో తాటిచెట్టంత ఎత్తున దిబ్బలు కట్టి, వాటిపై పట్టాలు పరచి, మనుషులున్న పెట్టెలను వదులుతారు. దానినే రోలర్ కోస్టర్ అంటారు. పెట్టెలకు ఇంజను ఉండదు. ఒక గొలుసు వాటిని మొదటి దిబ్బ మీదికి లాగి వదిలేస్తుంది. ఆ తరువాత చివరిదాకా నడిపేది వాలే.

ఈ ఆటకు నేటి రూపం ఇచ్చినవారిలో ముందుగా చెప్పవలసిన పేరు జాన్ మిల్లర్. ఆయన 1941లో కన్నుమూశారు. ఆయన గీసి కట్టించిన కోస్టర్లు నూటికి పైగా ఉండేవి. ఇప్పుడు మిగిలినవాటిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వాటిమీద కూడా అరిగిపోయిన పాత పెట్టెలు దిగి కొత్త రైళ్ళు ఎక్కుతున్నాయి. పట్టాలు మిల్లర్‌వి, రైలు మరొకరిది అయినప్పుడు అది ఇంకా మిల్లర్ ఆటేనా అన్నది అభిమానుల మధ్య తెగని పేచీ. ఆ పేచీ అర్థం కావాలంటే ఆయన చేసిన పని ఏమిటో తెలియాలి.

మిల్లర్ 1872లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని హోమ్‌వుడ్‌లో జన్మించారు. 19వ ఏట లామార్కస్ థాంప్సన్ వద్ద పనికి కుదిరారు. ఈ థాంప్సన్ సామాన్యుడు కాడు. 1884లో న్యూయార్క్ సముద్రతీరాన కోనీ ఐలండ్‌లో ఇటువంటి ఆట పెట్టి జనాన్ని విరగబడేలా చేసిన మనిషి. టిక్కెట్టు 5 సెంట్లు. వేగం గంటకు 6 మైళ్ళు. సైకిలు మీద వెళ్ళే కుర్రవాడు దాన్ని సులువుగా దాటిపోగలడు. మెట్లెక్కి పైన కూర్చుంటే బండి ఎత్తుపల్లాల మీద ఊగుతూ రెండో చివరకు చేరేది. అక్కడ అందరూ దిగితే పనివాళ్ళు దాన్ని మళ్ళీ ఎత్తుకు తోసేవారు. అంతే ఆట.

థాంప్సన్ దగ్గర మిల్లర్ ముఖ్య ఇంజనీరు దాకా ఎదిగారు. తరువాత మరికొందరు కోస్టర్ల నిర్మాతలకూ, ఫిలడెల్ఫియాలోని పేరున్న కంపెనీకీ పనిచేశారు. ఎక్కడ పనిచేసినా ఆయన కన్ను ముందు పడింది ప్రమాదం మీదే. గొలుసు పెట్టెలను పైకి లాగుతుండగా తెగితే ఏమిటి గతి? మనుషులతో సహా పెట్టెలు వెనక్కు జారిపోవలసిందే. 1910లో మిల్లర్ దీనికి విరుగుడు కనిపెట్టారు. ఎక్కుడు పొడవునా పళ్ళున్న కమ్మి, పెట్టె అడుగున ఒక కొక్కెం. పెట్టె ముందుకు పోతున్నంతసేపూ కొక్కెం ఒక్కొక్క పన్ను దాటుతుంది. గొలుసు తెగితే దగ్గరి పన్నుకు తగులుకుని పెట్టె నిలిచిపోతుంది. కోస్టరు పైకి ఎక్కేటప్పుడు వినిపించే టకటక చప్పుడు ఈ కొక్కేనిదే. జనాన్ని హడలెత్తించే ఆ చప్పుడే వారికి రక్ష అని ఎక్కేవారిలో ఎందరికి తెలుసో!

అడుగున చక్రం

అయితే మిల్లర్ పేరు నిలిపింది 1919లో పేటెంటు పొందిన మరో పని. అంతవరకు పెట్టెకు బరువు మోసే చక్రాలు, పక్కకు పోకుండా గోడలకు ఆనుకునే చక్రాలు మాత్రమే ఉండేవి. పైకి లేవకుండా పట్టి ఉంచేది ఏదీ లేదు. ఎద్దులబండిని వేగంగా తోలుకుపోతూ గట్టు దాటిస్తే ఏమవుతుందో రైతుకు చెప్పనక్కరలేదు. బండి ఎగిరి పడుతుంది. కోస్టరు పెట్టె కూడా అంతే. అందుకని నిర్మాతలు వాలు మెల్లగా ఉంచేవారు. పెట్టెలతోపాటు బ్రేకు పట్టే మనిషి కూడా ప్రయాణం చేసేవాడు. అతను ఏమరితే కథ ముగిసేది.

మిల్లర్ పట్టా కిందికి మూడో చక్రాన్ని తెచ్చారు. బల్ల అంచును బొటనవేలు పైన, మిగతా వేళ్ళు కింద పెట్టి పట్టుకున్నట్టుగా, పెట్టె పట్టాను పైనుంచీ కిందినుంచీ పట్టుకుంది. పలకలు పేర్చి కట్టిన పట్టాలో పైవరసను కొంచెం బయటికి పొడిగించి, ఆ అంచు కింద ఇనుప పట్టీ వేస్తే మూడో చక్రానికి దారి ఏర్పడింది. చూడటానికి చిన్న సంగతే. కాని ఆట తీరే మారిపోయింది. దిబ్బ మీదుగా ఎంత వేగంగా పోయినా పెట్టె పట్టా వదలదు. మనిషి మాత్రం సీటు వదిలి లేస్తాడు. ఒడిలోని కడ్డీ అతన్ని ఆపుతుంది. ఆ తేలిపోయే క్షణం కోసమే నేటికీ జనం వరుసల్లో నిలబడుతున్నారు. పెట్టె అడుగు మార్చితే ప్రయాణమే మారుతుందని మొదట చూపినవారు మిల్లరే అనడంలో తప్పులేదు.

1920లో ఆయన హ్యారీ బేకర్‌తో కలిసి సొంత కంపెనీ పెట్టారు. అది మూడేళ్ళే నడిచింది. ఆ తరువాత కూడా మిల్లర్‌కు పనికి లోటు లేదు. పిట్స్‌బర్గ్ దగ్గరి కెన్నీవుడ్ పార్కులో ఆయనవి మూడున్నాయి. పిట్స్‌బర్గ్ అనగానే మనవారికి 1970లలో అక్కడ కట్టిన వేంకటేశ్వరస్వామి గుడి గుర్తుకు వస్తుంది. పార్కు ఉన్నదీ ఆ ప్రాంతంలోనే. 1920 నాటి జాక్ రాబిట్‌కు అక్కడి లోయను మిల్లర్ వాడుకున్న తీరు చూడదగినది. నేల తానే వాలుగా ఉంటే దిబ్బ ఎందుకు కట్టాలన్నట్టు, పెట్టెలను ముందు లోయలోకి జార్చి, ఆ తరువాతే గొలుసుతో ఎక్కించారు. చివర్లో 70 అడుగుల దిగుడు ఉంది. అది సగంలో కాసేపు చదునై మళ్ళీ దిగుతుంది. వెనుక పెట్టెలోని వారు అక్కడ సీటులో కూర్చుని ఉండరు, గాలిలో ఉంటారు. 1924లో పిప్పిన్, 1927లో రేసర్ వచ్చాయి. రేసర్‌లో రెండు రైళ్ళు పందెం కడతాయి. పట్టా మొత్తం ఒక్కటే కావడంతో కుడివైపు బయలుదేరిన రైలు ఎడమవైపుకు చేరుతుంది. పిప్పిన్‌ను 1968లో మరొకరు మార్చి థండర్‌బోల్ట్ అని పేరు పెట్టారు. లోయలోకి దిగే మిల్లర్ దిగుళ్ళను మాత్రం కదపలేదు.

1929 తరువాత అమెరికాలో వ్యాపారాలు కుప్పకూలాయి. పార్కులు మూతపడ్డాయి, కొయ్య కోస్టర్లను పడగొట్టారు. మిల్లర్ 1941 జూన్‌లో టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో మరణించారు. అప్పటికి డెబ్బై నిండలేదు. ఆయన పేర నూరుకు పైగా పేటెంట్లు ఉన్నాయి.

రైలు మారితే

ఇక పేచీ సంగతి. యూటా రాష్ట్రంలోని ఫార్మింగ్‌టన్‌లో లగూన్ అనే పార్కు ఉంది. అక్కడ మిల్లర్ 1921లో కట్టిన కోస్టరు పేరు కూడా రోలర్ కోస్టరే. 1953లో నిప్పంటుకుని కొంత కాలిపోతే తిరిగి కట్టారు. 2018లో దానిమీద మిలీనియం ఫ్లయర్ అనే కొత్త రకం రైళ్ళను ఎక్కించారు.

పాతరకం పెట్టెకు నాలుగు మూలలా చక్రాలు, లోపల రెండో మూడో బల్లలు. పొడుగు పెట్టె మలుపులో సాఫీగా తిరగదు. ట్రాక్టరు వెనుక నాలుగు చక్రాల తొట్టి సందు మలుపులో ఎలా గీరుకుంటుందో అలాగే పట్టాను గీరుకుంటూ, గుద్దుకుంటూ పోతుంది. ఆ దెబ్బలు ఇటు పట్టాకూ అటు కూర్చున్నవారి నడుముకూ తగులుతాయి. కొత్త రైలులో ఒక్కొక్క పెట్టెకు ఒకే బల్ల, ముందు పెట్టె మినహా ఒకే ఇరుసు. ఒకదాని వెనుక ఒకటి తగిలించిన రెండు చక్రాల బళ్ళవలె మలుపు ఎటు తిరిగితే అటు తిరుగుతాయి. విశేషమేమంటే ఈ పద్ధతీ కొత్తది కాదు. 1920లలోనే కాలిఫోర్నియాలో ప్రయర్, చర్చ్ అనే జంట ఇటువంటివి నడిపారు.

రైలు పొడవు మారినా ప్రయాణం మారుతుంది. పొడవైన రైలులో ముందు పెట్టె దిబ్బ దాటి దిగబోతుంటే, ఇంకా ఎక్కుతున్న వెనుక పెట్టెలు దాన్ని కాసేపు పట్టి ఉంచుతాయి. తరువాత ముందువాటి బరువు వెనుకవాటిని గుంజుకుపోతుంది. అందుకే వెనుక బల్లకు గిరాకీ. ఉక్కు చక్రాలు తీసి మెత్తని పాలీయురితేన్ తొడుగున్నవి వేస్తే మోత తగ్గుతుంది, దానితోపాటు కొంత వేగమూ చక్రంలోనే ఖర్చవుతుంది.

అసలు గొడవంతా కడ్డీ దగ్గర. పాత పెట్టెల్లో బల్లకంతటికీ ఒకటే కడ్డీ. లావుపాటి మనిషి పక్కన బక్కపలుచని పిల్లవాడు కూర్చుంటే, పిల్లవాడి ఒడికీ కడ్డీకీ మధ్య జానెడు సందు. ఆ సందులోనే వాడు తేలేది, భయపడేది. కొత్తవాటిలో ఎవరి కడ్డీ వారిది, ఒడికి ఆనేదాకా దిగుతుంది. పిల్లవాడు భద్రం. కాని తేలడం తగ్గింది. పాతకాపులకు కోపం అందుకే. మిల్లర్ మూడో చక్రం పెట్టి ఇచ్చినదాన్ని కడ్డీ లాగేసుకుందని వారి బాధ.

పార్కు యజమానుల కష్టమూ కొట్టిపారేయదగినది కాదు. పాత పెట్టెలు చేసిన కంపెనీలు చాలావరకు ఎప్పుడో మూతపడ్డాయి. ఇరుసు విరిగితే కొత్తగా పోత పోయించుకోవాలి. పక్కవాడి లావును బట్టి పిల్లవాడి క్షేమం ఉండటం ఏ లెక్కన చూసినా సరికాదు. 1910లో కొక్కెం పెట్టిన మనిషి ఈ కడ్డీని కాదని ఉండేవాడని అనుకోవడం కష్టం.

మిల్లర్ దిగుళ్ళ కొలతలు మాత్రం లగూన్‌లో కొత్త రైలు కోసం చదును చేయలేదు. ఆ రైలు అడుగున పట్టాను కిందినుంచి పట్టుకుని తిరిగేది 1919 నాటి మూడో చక్రమే.