బట్టల కాగులో మొదలైన బీరు

పీహెచ్ స్కేల్ తెలియని స్టూడెంట్ మన కాలేజీలో ఉండరు. ఇంటర్ కెమిస్ట్రీలో దాని మీద ఎన్ని లెక్కలు చేశామో గుర్తుందా? అది పుట్టింది యూనివర్సిటీలో కాదు, డెన్మార్క్‌లో ఒక బీరు కంపెనీ ల్యాబ్‌లో. 1909లో సోరెన్‌సెన్ అనే సైంటిస్ట్ దాన్ని ప్రవేశపెట్టాడు. ఆ ల్యాబ్ కట్టించినాయన పేరు యాకోబ్ క్రిస్టియన్ యాకోబ్సన్. కార్ల్స్‌బర్గ్ బీరు మొదలుపెట్టింది ఆయనే. ఆ బీరు కోసం ఆయన చేసిన తొలి ప్రయోగం మాత్రం వాళ్లమ్మ బట్టలు ఉడకబెట్టే రాగి కాగులో జరిగింది.

యాకోబ్సన్ 1811 సెప్టెంబర్ 2న కోపెన్‌హాగన్‌లో పుట్టాడు. తండ్రి క్రిస్టెన్ రైతు కుటుంబం నుంచి పట్నం వచ్చి, బీరు తయారీ నేర్చుకుని, సొంతంగా చిన్న బ్రూవరీ పెట్టుకున్నాడు. మిగతావాళ్లు చేతి అంచనాతో వేడి చూసుకునే రోజుల్లోనే ఆయన థర్మామీటర్ వాడేవాడు. కొడుకు కాలేజీ డిగ్రీలేమీ చేయలేదు. పని తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. వీలు చేసుకుని ఆర్‌స్టెడ్ ఇచ్చే సైన్స్ లెక్చర్లకు వెళ్లేవాడు. అవును, కరెంటు తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుతుందని చూపించిన ఆ ఆర్‌స్టెడే! 1835లో తండ్రి చనిపోయాడు. చిన్న వయసులోనే బ్రూవరీ బరువు కొడుకు మీద పడింది.

అప్పటి కోపెన్‌హాగన్ బీరు ఎక్కువ రోజులు నిలిచేది కాదు. ఎందుకో మన గోపాల్‌పేట వైపు వాళ్లకు పెద్దగా చెప్పక్కర్లేదు. పొద్దున దించిన ఈతకల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేసరికి పులుస్తుంది. గాలిలో, కుండలో ఉన్న ఈస్ట్, బ్యాక్టీరియా చేసే పని అది. వేడి పెరిగేకొద్దీ వాటి స్పీడు పెరుగుతుంది. బీరుకూ ఇదే సమస్య. జర్మనీలోని బవేరియా వాళ్లు మాత్రం దీనికి వేరే దారి పట్టారు. చల్లటి చోట నెమ్మదిగా పులియబెట్టి, ఆ తర్వాత నెలల తరబడి చల్లటి నేలమాళిగల్లో నిల్వ ఉంచేవారు. దాన్నే లాగర్ అంటారు. ఆ బీరు తేటగా ఉండేది, త్వరగా చెడిపోయేది కాదు.

అలాంటిది మన ఊళ్లో ఎందుకు చేయలేం అనుకున్నాడు యాకోబ్సన్. అమ్మ బట్టల కాగు తీసుకుని చిన్న మొత్తంలో చేసి చూశాడు. పద్ధతి అర్థమైంది గానీ, చలిలో పనిచేసే అసలు ఈస్ట్ కావాలి కదా. అది మ్యూనిక్‌లో ఉంది. 1845లో అక్కడికి వెళ్తే, ష్పాటెన్ బ్రూవరీ యజమాని గాబ్రియెల్ సెడల్‌మాయర్ కొంత ఈస్ట్ ఇచ్చాడు.

ఇక దాన్ని ప్రాణంతో ఇంటికి చేర్చాలి. ఫ్రిజ్ లేని కాలం. గుర్రబ్బండిలో రోజుల తరబడి ప్రయాణం. డబ్బా వేడెక్కితే లోపలి ఈస్ట్ చచ్చిపోతుంది, వెళ్లిన పనంతా వృథా. అందుకే బండి ఆగిన ప్రతిచోటా దిగి, డబ్బాల మీద చన్నీళ్లు పోసుకుంటూ వచ్చాడు. ఈస్ట్ బతికింది. కోపెన్‌హాగన్ కోట గోడల కింద ఉన్న నేలమాళిగల్లో బీరు నిల్వ పెట్టాడు. జనానికి నచ్చింది.

ఆ తర్వాత ఊరి బయట వాల్బీ గుట్ట మీద కొత్త బ్రూవరీ కట్టాడు. ఐదేళ్ల కొడుకు కార్ల్ పేరుకు గుట్ట అనే అర్థం వచ్చే బర్గ్ కలిపి కార్ల్స్‌బర్గ్ అని పేరు పెట్టాడు. 1847 నవంబర్ 10న అక్కడ మొదటిసారి బీరు కాచారు.

వ్యాపారం పెరిగింది, కానీ ఆయన అంచనాలతో సరిపెట్టుకునే మనిషి కాదు. 1875లో ల్యాబ్ పెట్టాడు, మరుసటి ఏడాది సైన్స్ కోసం కార్ల్స్‌బర్గ్ ఫౌండేషన్ స్థాపించాడు. ల్యాబ్‌లో తేలినదేదీ దాచిపెట్టకూడదని రూల్ కూడా పెట్టాడు. ఆ రూల్‌కు అసలు పరీక్ష 1883లో వచ్చింది. కార్ల్స్‌బర్గ్ బీరే రుచి చెడిపోసాగింది. ఎమిల్ హాన్సెన్ అనే సైంటిస్ట్ మైక్రోస్కోప్‌లో చూసి, మంచి ఈస్ట్‌లో అడవి ఈస్ట్ కలిసిందని తేల్చాడు. ఒకే ఒక్క మంచి కణాన్ని విడదీసి, దాని నుంచే స్వచ్ఛమైన ఈస్ట్ పెంచాడు. దీన్ని గుట్టుగా ఉంచుకుంటే పోటీదారులంతా వెనకబడేవాళ్లే. యాకోబ్సన్ మాత్రం ఆ పద్ధతినీ, ఆ ఈస్ట్‌నూ అడిగిన బ్రూవరీలకు ఉచితంగా ఇప్పించాడు. మన భాషలో చెప్పాలంటే ఓపెన్ సోర్స్ చేసేశాడు.

ఇంట్లో మాత్రం అంత సాఫీగా సాగలేదు. బీరు ఎన్నాళ్లు నిల్వ ఉంచాలి, ఎంత తయారు చేయాలి అనే దగ్గర కార్ల్‌తో గొడవ మొదలై ఏళ్లపాటు నడిచింది. కొడుకు వేరే బ్రూవరీ పెట్టుకున్నాడు. తండ్రి తన బ్రూవరీని కొడుక్కి కాకుండా ఫౌండేషన్‌కు రాసేశాడు. చివరికి 1886లో ఇద్దరూ కలిసిపోయారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 30న రోమ్‌లో యాకోబ్సన్ కన్నుమూశాడు.

ఇవాళ హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీ పెట్టాలనుకునేవాళ్లు ఈస్ట్ కోసం రోజుల తరబడి గుర్రబ్బండిలో తిరగక్కర్లేదు. స్వచ్ఛమైన ఈస్ట్ ప్యాకెట్‌లోనే దొరుకుతుంది. దాని వెనక హాన్సెన్ విడదీసిన ఆ ఒక్క కణం ఉంది, దాన్ని దాచుకోని యాకోబ్సన్ ఉన్నాడు.