దర్జీ జాన్ వుల్మన్ చరిత్రము

దైవభక్తులగు మహాపురుషుల చరిత్రములను వ్రాయునపుడు వారు చేసిన యద్భుతకార్యములను, వారు పడిన హింసలను ముందుంచుట వాడుక. మేము ఈ సంచికకు ఎన్నుకొన్న మహనీయుని చరిత్రమున నట్టివి స్వల్పము. ఆయన రాజసభలలో వాదింపలేదు. క్రొత్త మతమును స్థాపింపలేదు. బట్టలు కుట్టెను. చిల్లర యంగడి నడపెను. ఆపిలు మొక్కలు పెంచెను. వ్రాత వచ్చినవాడు గనుక ఇరుగుపొరుగువారికి పత్రములు వ్రాసిపెట్టెను. దేవుని వెంబడించుట యనునది ప్రార్థనాలయమున గడపు గంటలోకంటె గజముబద్దను, త్రాసును, కలమును పట్టుకొన్న చేతిలోనే తేలునని నమ్మి, ఆ నమ్మకముకొరకు లాభమును, స్నేహితుల మెప్పును, కొంతవరకు ఇంటిసుఖమును వదలుకొనెను. మన మహాసభకు వచ్చు సోదరులలో చేతిపనివలనను వర్తకమువలనను జీవించువారు పెక్కుండ్రు. క్రైస్తవుడును విదేశీయుడునైన ఈ దర్జీ చరిత్రము వారికి పరాయిది కాదని తలచి దీనిని వ్రాయుచున్నాము.

జాన్ వుల్మన్ 1720 వ సంవత్సరము అక్టోబరు 19 వ తేదీన ఉత్తర అమెరికాలోని న్యూజెర్సీ ప్రాంతమున నొక కర్షక కుటుంబమున జన్మించెను. అప్పటికా దేశము ఆంగ్లేయుల వలసరాజ్యము. తండ్రి సామ్యూలు, తల్లి ఎలిజబెత్తు. సంతానము పదుమువ్వురు. వీరు క్వేకరులని పిలువబడు మిత్రసమాజమునకు చెందినవారు. ఈ సమాజమువారికి పురోహితుడు లేడు. ఆరాధనకు కూడినపుడు అందరును మౌనముగా కూర్చుండి, దేవుడు అంతరంగమున ఏమి ప్రేరేపించునో యని కనిపెట్టుకొని యుందురు. ప్రేరణ కలిగినవారు లేచి మాటలాడుదురు. లేనిచో మౌనముగనే లేచిపోవుదురు. వీరు ప్రమాణములు చేయరు, యుద్ధమున కత్తిపట్టరు.

బాల్యమున జరిగిన యొక సంగతిని ఆయన తన దినచర్య గ్రంథమున వ్రాసికొనెను. పొరుగింటికి పోవుచు త్రోవలో గూటికడ నెగురుచున్న పిట్టపై రాళ్లు రువ్వగా ఒకరాయి తగిలి అది చచ్చెను. మొదట సంతోషించెను. పిమ్మట గూటిలోని పిల్లలు తల్లిలేక మెల్లమెల్లగా మాడిపోవునని తోచి, చెట్టెక్కి వానినన్నిటిని తన చేతులతోనే చంపెను. ఆ రెండవ పని దయతో చేసినదే యైనను అతని మనస్సును చాలకాలము కోసెను. పెద్దవాడైన పిదప ఆయన చేసిన పెక్కుపనులకు మూలము ఇచ్చటనే కన్పట్టుచున్నది. ఒక తప్పుచేసి దాని వెనుక వచ్చు రెండవ తప్పును తప్పించుకొనలేని స్థితి ఎట్టిదో ఆయనకు చిన్ననాడే తెలిసెను.

ఇరువది యొక్క యేండ్ల ప్రాయమున వ్యవసాయము విడిచి, మౌంట్ హోలీ యను గ్రామమున నొక వర్తకునియొద్ద అంగడి చూచుటకును, లెక్కలు వ్రాయుటకును కుదిరెను. యజమానికి ఒక నీగ్రో దాసి యుండెను. ఆమెను ఆయన అమ్మివేసి, కొన్నవాడు నిలుచుండగనే విక్రయపత్రము వ్రాయుమని గుమాస్తాకు చెప్పెను. ఆ కాలమున నిది గుఱ్ఱమును అమ్ముటవంటి పని. యజమాని జీతమిచ్చువాడు, కొన్నవాడు తమ సమాజములోనే వృద్ధుడైన యొక పెద్దమనిషి. ఆలోచించుకొనుటకు వ్యవధి లేదు. వుల్మన్ వ్రాసెను. వ్రాసి యిచ్చి, ఇట్లు మనుష్యులను బానిసలుగా నుంచుట క్రైస్తవధర్మమునకు తగదని తాను నమ్ముచున్నట్లు వారిరువురి యెదుటను చెప్పెను. అందుచే మనస్సు కొంత తేలికపడినను పూర్తిగా నిమ్మళింపలేదు. ఆ పనినుండి తప్పింపుమని అడిగియుండవలసినదని తరువాత తలచుచు వచ్చెను.

ఈ ఘట్టమును మేము పలుమారులు తలపోసితిమి. చదువువచ్చిన గుమాస్తా, మంచి యజమాని, మర్యాదగల గిరాకి, రెండు నిమిషముల పని. పెద్ద పాపములకు మనము సిద్ధపడి యుందుము. అవి వచ్చునపుడు గుర్తింతుము. ఇట్టి చిన్న వ్రాతపని వచ్చునపుడు చేయి తనంతట తానే కదలిపోవును. వుల్మన్ చేయియు కదలెను. ఆయన గొప్పతనము ఆనాడు తప్పకపోవుటలో లేదు. మరల తప్పకపోవుటలో నున్నది. కొంతకాలమునకు తమ సమాజపు యువకు డొకడు అట్టి పత్రమే వ్రాయుమని కోరగా, మనసొప్పదని మెత్తగా చెప్పి పంపివేసెను.

వీలునామాల విషయమున నిది ఇంకను కష్టమైనది. మరణమునకు సమీపించినవాడు పడకమీదనుండి కోరునపుడు కాదనుట సులభము కాదు. అందుకు వచ్చు రుసుమును తక్కువ కాదు. ఒకప్పుడు పొరుగువా డొకడు దెబ్బతగిలి, ఆనాటి వైద్యమును బట్టి నెత్తురు తీయుటకు వుల్మన్‌ను పిలిపించి, ఆ పని యయిన పిమ్మట వీలునామా వ్రాయుమని కోరెను. ఏ యాస్తి యెవరికి చెందవలెనో గుర్తు వేసికొని యింటికి వచ్చి, బానిసను సంక్రమింపజేయు భాగమును మాత్రము విడిచి తక్కినదంతయు వ్రాసి తీసికొనిపోయెను. రుసుము తీసికొనలేదు. ఆ భాగము ఏల వ్రాయజాలడో రోగితో మంచిమాటలతో చెప్పెను. ఇరువురును చాలసేపు మాటలాడిన మీదట, ఆ దాసికి స్వేచ్ఛ నిచ్చుటకు రోగి యంగీకరించెను. అప్పుడు వీలునామా పూర్తియయ్యెను. ఇందు కోపము లేదు, ఉపన్యాసము లేదు. ఆయన బలమంతయు నిట్టి యింటిగదులలోనే పనిచేసినది.

ఆయన కుట్టుపని నేర్చుకొని, స్వంతముగా అంగడి పెట్టెను. 1749 లో సారా ఎల్లిస్ అను నామెను వివాహమాడెను. మేరీ యను కుమార్తె కలిగెను. వర్తకము పెరిగెను. తక్కువ లాభమునకు నాణ్యమైన సరకు నమ్మువానియొద్దకు జనులు రాకేమి చేయుదురు? 1756 నాటికి పెద్ద వర్తకుడగుటకు దారి తెరచియుండెను. అప్పు డాయన తలచిన దేమనగా: ఈ సంపాదన కావలసినదానికంటె మించినది, మనస్సునకు బరువైనది, అదియుగాక పేదవారు అప్పుమీద అక్కరలేని అలంకారవస్తువులు కొని చిక్కులలో పడుట తన యంగడివలననే జరుగుచున్నది. కావున గిరాకిదారులకు ముందుగా తెలిపి, వేరు అంగళ్లకు పొండని చెప్పుచు, క్రమముగా సరకుల వర్తకము మానివేసెను. పనివానినిగూడ పెట్టుకొనక తాను కుట్టగలిగినంత కుట్టుచు, ఆపిలు తోటలో త్రవ్వుచు అంటుకట్టుచు బ్రదికెను. ఎదుగుచున్న వర్తకమును నష్టము వచ్చి మూసినవారిని మే మెరుగుదుము. లాభము వచ్చుచున్నదని మూసినవానిని మరియొకని నెరుగము.

1746 లో ఒక మిత్రునితో గూడి ఆయన దక్షిణపు వలసప్రాంతములగు మేరీలాండు, వర్జీనియా, కరోలినాలకు పోయి, సుమారు 1,500 మైళ్లు తిరిగెను. అచ్చట బానిసల కష్టము మీదనే యజమానుల సుఖము సాగుటను చూచెను. తాను దిగిన యిండ్లలోని విందులును ఆ కష్టమువలన వచ్చినవే గదా యని అన్నము తినుచు బాధపడెను. తిరిగివచ్చి దాస్యమును గూర్చి యొక గ్రంథము వ్రాసి, చాలకాలము దాచియుంచి, 1754 లో అచ్చువేయించెను. 1757 లో మరల దక్షిణమునకు పోయినపుడు ఆతిథ్యము ఉచితముగా పుచ్చుకొనుటకు మనసొప్పక, చిన్న వెండినాణెములు వెంట తీసికొనిపోయి, సెలవు తీసికొనునపుడు వానిని గృహస్థునికిచ్చి బానిసలకు పంచుమనియో, లేక తానే వారికిచ్చియో వచ్చుచుండెను. అతిథికి అన్నముపెట్టిన యింట సొమ్మిచ్చుట గృహస్థుని అవమానించుటవలె నుండును. ఆ సంగతి ఆయనకు తెలియును. సిగ్గుతోనే యిచ్చెను, కాని మానలేదు.

1758 లో ఫిలడెల్ఫియాలో క్వేకరుల వార్షికమహాసభ జరిగెను. సభలో బానిసలు గలవారు పెక్కురుండిరి. కొందరు విషయమును వాయిదా వేయజూచిరి. వుల్మన్ లేచి, బానిసల మొఱ దేవుని చెవిని పడుచుండగా తమ స్వలాభమును, స్నేహబంధములను చూచి జాగుచేయరాదను నర్థము వచ్చునట్లు మాటలాడి కూర్చుండెను. సభ కదలెను. బానిసలు గలవారి యిండ్లకు పోయి నచ్చజెప్పుటకు ఏర్పడిన సంఘమున ఆయన యొకడు. అటుపిమ్మట ఏండ్ల తరబడి ఇంటింటికిని తిరిగెను. 1760 లో బానిసవ్యాపారమునకు పేరుపడిన న్యూపోర్టు రేవుకును పోయెను. బానిసలనుంచుకొన్న సభ్యులను బహిష్కరింపవలెనని ఫిలడెల్ఫియా మహాసభ నిర్ణయించినది 1776 లో; ఆయన పోయిన నాలుగేండ్లకు.

పరులకు చెప్పువాని యింటిలెక్క యెట్లున్నదని పాఠకు లడుగవచ్చును. అడుగవలసినదే. ఒకప్పు డాయన యొక మరణశాసనమును అమలుజరుపు బాధ్యుడుగా నుండి, ముప్పదియేండ్లు నిండువరకు పనిచేయవలెనను కట్టుబాటుతో నొక నీగ్రో బాలుని అమ్మకమున పాలుపంచుకొనెను. తెల్లవారి పిల్లలైనచో ఇరువదియొక్క యేటికే విడుదల. ఏండ్లు గడచిన పిదప ఈ వ్యత్యాసము మనస్సులో ముల్లై, 1769 ప్రాంతమున, ఆ యువకుని గడువులో తుది నాలుగున్నర యేండ్లకు తగు సొమ్మును కొన్నవానికి చెల్లించుటకు తాను బద్ధుడనని పత్రము వ్రాసియిచ్చెను. తొలినాటి విక్రయపత్రము వ్రాసిన చేతితో తుద కీ పత్రమును వ్రాసెను.

ఆయన వేషమును గూర్చి కొంత చెప్పవలెను. రంగులద్దకము బట్టయొక్క మన్నికను తగ్గించుననియు, మురికిని కప్పిపుచ్చుననియు తలచి, 1761 లో జబ్బుపడి లేచినది మొదలు రంగువేయని బట్టలే కట్ట నిశ్చయించెను. ఉన్న బట్టలు చిరుగువరకు ఓపికపట్టి, క్రమముగా మార్చుకొనెను. 1762 లో రంగువేయని బొచ్చుటోపి పెట్టుకొనెను. దైవికముగా అప్పుడే అట్టి తెల్లటోపీలు షోకుగాండ్రలో వాడుకలోనికి వచ్చుచుండుటచే కొందరు మిత్రులు ఆయనను షోకిలాయని తలచి దూరముగా నుండిరి! దర్జీయైనవాడు తెలుపుబట్టలలో వింతగా కనబడుట తన వృత్తికే నష్టము. ఆయన చెప్పిన కారణములు మన్నికయు శుభ్రతయు; కాని ఆ కాలమున కరోలినా నీలిమందు బానిసల చేతులమీదనే తయారగుచుండెననుటయు చరిత్రమే. నీలితోటల బాధ మన దేశమునకును క్రొత్త కాదు. 1859 లో వంగదేశపు రైతులు దానిపై తిరుగబడిరి. బానిసలచే చేయింపబడిన పంచదారనుగూడ ఆయన మానివేసెను. ఇవి చాదస్తములని మొదట మాకును తోచెను. ఒక బట్ట యెవరి చెమటతో మన యొంటిమీదికి వచ్చినదని యడుగుట చాదస్తమైనచో, ఆ చాదస్తము వ్యాపింపవలసియున్నది.

యుద్ధమునకై విధించిన పన్ను చెల్లింపలేదు. తన యింట సైనికుని బసపెట్టినపుడు రెండువారములు ఆదరించి, అద్దె యియ్యవచ్చిన యధికారిని వలదని పంపెను. 1763 లో సరిహద్దులలో ఎఱ్ఱయిండియనులకును ఆంగ్లేయులకును పోరు రగులుచుండగా, వద్దన్నవారి మాట వినక సస్క్వెహానా నదీతీరమున నున్న వారి గ్రామమునకు పోయి, వారితో ప్రార్థించి వచ్చెను. ఇంట సారా యెట్లు వేచియుండెనో ఆయన గ్రంథమున కొలదిగనే కనబడును. సాధువుల చరిత్రములలో ఇంటనుండువారి పాలు వ్రాయబడక పోవుట మాకు లోటుగనే తోచును.

1770 లో పార్శ్వశూలతో చావు దగ్గరకు పోయినపుడు ఆయన కొక దర్శనము కలిగెను. మసకవర్ణపు రాశివలె దుఃఖపడు మానవులు కనబడిరి. తానును వారిలో కలిసిపోయి వేరుగా లేకపోయెను. జాన్ వుల్మన్ చనిపోయెనని మధురస్వరమున దేవదూత పలుకుట వినబడెను. పిమ్మట గనులలో క్రైస్తవులకొరకు వెండి త్రవ్వుచు, క్రీస్తు పేరు దూషించు దీనులను చూచెను. కోలుకొన్న తరువాత వెండిపాత్రలలో త్రాగుటకు మనసొప్పలేదు.

1772 మే నెలలో ఆయన ఆంగ్లదేశమునకు ఓడయెక్కెను. పైగదులలో వృథాగా చెక్కిన నగిషీలుండుట చూచి, నావికులుండు క్రింది అంతస్తులో, గాలియాడని చోట, వారితోగూడ పయనించెను. జూను 8 వ తేదీన లండనులో దిగి, తిన్నగా మిత్రసమాజపు సభకు పోయెను. ఆ తెల్లబట్టల వింతమనిషిని చూచి, ఆయన వచ్చిన పని తీరినది, మరలిపోవచ్చునని యొకరు సూచించిరనియు, మీకు భారముగానుండను, కుట్టుపని నెరుగుదును, ఏదైన పని చూపుడని యాయన వినయముగ కోరెననియు, ఆ మీదట సభవారి మనస్సు కరగెననియు చెప్పుదురు. అటనుండి ఉత్తరమునకు కాలినడకనే పోయెను. వేగముకొరకు గుఱ్ఱములను చావదోలుచున్నారనియు, బండ్లుతోలు కుఱ్ఱవాండ్రు చలికి కొయ్యబారుచున్నారనియు విని టపాబండ్లెక్కలేదు. ఆ టపాలో ఇంటికి జాబులు పంపుటకును ఇష్టపడలేదు. నడుచుచు కూలివాండ్ర కూలి రోజునకు పదిపెన్నీలనియు, గోధుమల ధర యింతయనియు వ్రాసికొనెను. అద్దకపువీథులలో రంగునీరు పారుట చూచి, ఆ ఖర్చును శుభ్రతకు వెచ్చించిన మేలుగదా యని విచారించెను.

సెప్టెంబరు చివర యార్కు పట్టణము చేరి, థామసు ప్రీస్టుమన్ అను మిత్రుని యింట దిగెను. కొలది దినములకే మశూచికము సోకెను. అన్యాయపు చేతులగుండ వచ్చిన ఔషధము వలదని పరిచారకులకు చెప్పెను. అక్టోబరు 7 వ తేదీన మరణించెను. ప్రాయము ఏబదిరెండు నిండలేదు. తన పెట్టెను ఏ యలంకారమును లేక సామాన్యమైన కఱ్ఱతో చేయింపవలెననియు, దానికిని, గోరీ త్రవ్వినవానికిని కూలి ఎవరినుండియు యాచింపక, తాను కట్టుకొన్న బట్టల నిచ్చి తీర్పవలెననియు ముందే చెప్పియుంచెను. ఆ రంగులేని బట్టలతోనే ఆ ఋణము తీరినది.