నాడి పట్టిన చేతితోనే కలం పట్టింది

కష్టపడి నేర్చుకున్న విద్య, అసలు అవసరం వచ్చిన రోజున అక్కరకు రాకపోతే? ఆ వెంటనే ఉన్న హోదా కూడా పోతే? తొమ్మిది వందల ఏళ్ల కిందట ఒక రాకుమారికి ఈ రెండూ ఏడాది తిరగకుండానే ఎదురయ్యాయి. అప్పటికి ఆమె వయసు 34. ఆ తర్వాత ఆమె ఏం చేసిందో తెలుసుకుంటే మీకూ పనికొస్తుంది.

ఆమె పేరు అన్నా కొమ్నేనా. బైజాంటిన్ సామ్రాజ్యాన్ని ఏలిన మొదటి అలెక్సియోస్ చక్రవర్తికి పెద్ద కూతురు. 1083 డిసెంబరులో కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌లో పుట్టింది. ఉయ్యాల్లో ఉండగానే అంతకుముందు ఏలిన ఒక చక్రవర్తి కొడుకైన కాన్‌స్టాంటైన్ డూకాస్‌తో పెళ్లి నిశ్చయించారు. వారసుడు అతడే కాబట్టి, ఆమే కాబోయే మహారాణి అన్నమాట. కానీ 1087లో తమ్ముడు జాన్ పుట్టాడు. లెక్క మారిపోయింది. కాన్‌స్టాంటైన్ కూడా చిన్న వయసులోనే చనిపోయాడు. తర్వాత నికెఫోరస్ బ్రియెన్నియోస్ అనే సేనానితో ఆమెకు పెళ్లి చేశారు.

దొంగచాటు చదువు

రాజుగారి అమ్మాయి కదా, చదువుకు కొదవేముంది అనుకుంటున్నారా? ఉంది. పాత గ్రీకు కావ్యాల నిండా దేవతల ప్రేమ వ్యవహారాలే ఉంటాయని, అవి ఆడపిల్లకు తగవని తల్లిదండ్రుల భయం. అందుకే ఆమె అంతఃపురంలోని ఒక ఉద్యోగి దగ్గర ఇంట్లోవాళ్ల కంట పడకుండా వ్యాకరణం నేర్చుకుంది. పట్టు చిక్కాక ఇక ఆగలేదు. తత్వశాస్త్రం, గణితం, చరిత్ర, వీటన్నిటితో పాటు వైద్యం కూడా చదివింది.

ఆ వైద్యమే 1118లో ఆమెకు పరీక్ష పెట్టింది. తండ్రికి ఎప్పటినుంచో కీళ్ల నొప్పులు. ఆ ఏడాది ఆయాసం మొదలైంది. పడుకుంటే ఊపిరాడేది కాదు, కూర్చునే రాత్రుళ్లు గడపాల్సి వచ్చేది. పేరున్న వైద్యులంతా వచ్చారు. విరేచనాలకు మందివ్వాలని నికోలస్ కాలిక్లీస్ అంటే, వద్దని మిగతావాళ్లు అడ్డుకున్నారు. వాళ్ల వాదనలు విని ఎవరిది సబబో తేల్చే బాధ్యతను తల్లి ఐరీన్ అన్నాకు అప్పగించింది. పొట్ట మీద వాత పెట్టారు, మిరియాలు కలిపిన మందు ఇచ్చారు. ఏదీ పనిచేయలేదు. ఆగస్టు 15న తండ్రి మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ కూర్చుంది అన్నా. నాడి ఆమె వేళ్ల కిందే ఆగిపోయింది. తల్లి రాచదుస్తులు తీసేసి నల్లబట్టలు కట్టుకుంది.

తండ్రి ఇంకా కొనప్రాణంతో ఉండగానే తమ్ముడు జాన్ రాజభవనాన్ని స్వాధీనం చేసుకున్నాడు. మరుసటి ఏడాదికల్లా అన్నా మీద కుట్ర నేరం పడింది. తమ్ముణ్ని తప్పించి భర్తను గద్దెనెక్కించాలని చూసిందని, ఆమె చనిపోయాక కొన్ని దశాబ్దాలకు ఒక చరిత్రకారుడు రాశాడు. దీన్ని ఇప్పటి పరిశోధకులందరూ ఒప్పుకోవడం లేదు. అతడు రాసిన దాని ప్రకారం, ఆమె ఆస్తిని జప్తు చేసి జాన్ తన ఆప్తమిత్రుడు ఆక్సూక్‌కు ఇవ్వబోయాడు. తోబుట్టువు సొత్తు తోబుట్టువుకే ఉండాలని చెప్పి అతడు వద్దన్నాడు. అక్కాతమ్ముళ్ల మధ్య ధర్మం చెప్పింది బయటివాడన్నమాట!

యాభై దాటాక అసలు పని

అన్నా తల్లి కట్టించిన కెఖరిటోమెనీ మఠం పక్కనున్న ఇంట్లో ఉండిపోయింది. దర్బారు లేకపోయినా పండితులు వస్తూనే ఉండేవారు. అరిస్టాటిల్ గ్రంథాలకు వ్యాఖ్యానాలు రాయమని వాళ్లకు పని అప్పగించేది. ఆమె కోసం రాత్రుళ్లు దీపం ముందు రాసి రాసి తన కళ్లు పోయాయని ఒక పండితుడు వాపోయాడట.

1137 ప్రాంతంలో భర్త కూడా జబ్బుతో కన్నుమూశాడు. ఆయన మొదలుపెట్టిన చరిత్ర సగంలో ఆగిపోయింది. అప్పటికి యాభై దాటిన అన్నా, ఆ పని తన నెత్తిన వేసుకుంది. తండ్రి పాలన మొత్తాన్నీ 15 భాగాల్లో రాసింది. ఆ పుస్తకమే అలెక్సియాడ్. మొదటి క్రూసేడ్ సైన్యాలు కాన్‌స్టాంటినోపుల్‌కు వచ్చినప్పుడు ఆమెకు పదమూడేళ్లు. ఆ యుద్ధాన్ని బైజాంటిన్ల వైపు నుంచి చెప్పిన రచనల్లో ఇప్పటికీ ఇదే ముఖ్యమైనది.

ఇది కూతురు రాసిన పుస్తకం. తండ్రిని మెచ్చుకోవడం ఎక్కువ, తమ్ముడి ప్రస్తావన తక్కువ. చరిత్ర ఆప్షనల్‌గా తీసుకున్నవాళ్లు ఈ పక్షపాతాన్ని గుర్తుపెట్టుకునే చదవాలి. అయినా తండ్రి చివరి రోజుల గురించి రాసేటప్పుడు, వైద్యుల మధ్య తగువును కానీ ఫలించని చికిత్సలను కానీ ఆమె దాచలేదు. తొమ్మిది శతాబ్దాల నాటి ఒక రోగి పరిస్థితి ఇవాళ్టి డాక్టర్లకు తెలుస్తోందంటే, ఆ రాత్రి ఆమె అంత శ్రద్ధగా గమనించడం వల్లే.

అన్నా 1153 ప్రాంతంలో, డెబ్బైకి దగ్గరపడ్డాక మంచం పట్టింది. అన్నేళ్లు మఠం నీడన ఉన్నా ఆమె సన్యాసిని కాలేదు. ప్రాణం పోయే ముందే దీక్ష తీసుకుంది. ఆమెను స్మరిస్తూ జార్జ్ టోర్నికీస్ అనే పండితుడు రాసిన ప్రసంగం నిలిచింది. దొంగచాటు చదువు సంగతి మనకు తెలిసింది దాని ద్వారానే.

వైద్యం నేర్చినా తండ్రిని బతికించుకోలేకపోయింది. పుట్టుకతో వచ్చిన హోదా కూడా నిలవలేదు. మీకు రేపు ఒక పరీక్ష పోవచ్చు, ఒక ఉద్యోగం చేజారొచ్చు. అప్పుడు నేర్చుకున్నదంతా వృథా అనే లెక్కకు వెంటనే రాకండి. తండ్రి చనిపోయిన రాత్రి ఆమె గమనించింది కాగితం మీదికి రావడానికి సుమారు పాతికేళ్లు పట్టింది మరి!