యల్లాప్రగడ సుబ్బారావుగారి చరితము

బోదకాలు వ్యాధి మన కరీంనగరము జిల్లా పల్లెలను బహుకాలము బాధించినదని పాఠకులకుఁ జెప్పఁ బనిలేదు. దాని నివారణకై యింటింటఁ బంచిన మాత్రలను మేమును మ్రింగితిమి, మా శిష్యులచేతను మ్రింగించితిమి. ఆ మందు ఒక తెలుఁగువాని యాజమాన్యమున వెలువడినదని యెఱిఁగినవారు మాత్రము కొలఁదిమంది. కావున నా మహనీయుని చరితమును సంగ్రహముగా నివేదించుచున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున వెంకమ్మ, జగన్నాథముగార్లకు జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమాఱులు తప్పి, మూఁడవమాఱు మద్రాసు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. సోదరులిరువురు స్ప్రూ యను గ్రహణీవ్యాధికి స్వల్పకాలములోనే బలియైరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సకు వచ్చినందున ఆంగ్లేయాచార్యుని యాగ్రహమునకు గుఱియైరి. తుదకు ఎం.బి.బి.ఎస్. రాక, ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను.

విదేశవిద్యకు ధనము కావలసినప్పుడు మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు తోడ్పడిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థయు సహాయము వాగ్దానము చేసెను. నాయకరుగారు రంగూనున ధనమార్జించిన దాత. సుబ్బారావుగారి కులమువారు కారు. ఈ సంగతిని పాఠకులు మనసున నుంచుకొందురు గాక.

1923లో బోస్టను చేరి, ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగు కొలువు చేసియు, హార్వర్డులో విద్య సాగించిరి. 1925లో ఫిస్కెగారితోఁ గూడి, రక్తమూత్రములలోని భాస్వరమును నీలవర్ణపు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. అది పెక్కు ప్రయోగశాలలకు నిత్యోపయోగమైనది. కండరములకు శక్తి నొసఁగు ఫాస్ఫోక్రియాటినును 1927లోను, ఏ.టి.పి.ని 1929లోను వెల్లడించిరి.

1940లో లెడర్లే సంస్థలోఁ జేరి, పరిశోధకబృందమునకు నాయకత్వము వహించిరి. ఆ బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగాఁ దయారుచేసెను. సోదరులను హరించిన స్ప్రూవ్యాధికే యది మందాయెను! రక్తకణముల వృద్ధికి ఫోలికామ్లము కావలయును గనుక, దాని పనిని నిరోధించు అమినోప్టెరినును ఆ బృందమే సమకూర్చెను. బోస్టను శిశువైద్యాలయమున ఫార్బరుగారు దానిని రక్తకర్కటరోగముగల 16 మంది బాలురకు నీయఁగా, 10 మందికి కొంతకాలము గుణము కనఁబడెనని 1948లోఁ బ్రకటింపఁబడెను. అంతకుముందు అట్టి శిశువులకు మరణమే గతి. 1947లో వెలువడిన హెట్రజానే మన బోదకాలు మాత్ర. ముదిరిన వాపును తగ్గింపకున్నను, రక్తములోని సూక్ష్మక్రిములను నశింపఁజేసి, దోమలద్వారా వ్యాప్తిని అరికట్టును.

1948 ఆగస్టులో, ఏఁబదిమూఁడేండ్ల ప్రాయమున, నిద్రలోనే వారు పరమపదించిరి. స్వదేశమునకు మరలి రాలేదు. పెండ్లియైన నాలుగేండ్లకు వెడలిన భర్తను శేషగిరమ్మగారు మరలఁ జూడలేదు. లోకమునకుఁ గలిగిన మేలులో ఆ సాధ్వి చెల్లించిన వెలయుఁ గలదు.

పోషకమహాశయులారా! మన విద్యార్థినిధికి వచ్చు దరఖాస్తులలో ఒకమాఱు పరీక్ష తప్పినవానిని మొదటనే త్రోసివేయుచున్నాము. ఆ నియమము నాఁడున్నచో సుబ్బారావుగారి దరఖాస్తు చెత్తబుట్టఁ జేరెడిది. కులము చూచియే యిత్తుమన్నను అదియే గతి. తప్పినవానికి మఱొక యవకాశమును, అన్యకులపు నిఱుపేదకు ఒక్క వేతనమైనను ఈ సభయందే తీర్మానింపుఁడని మా విన్నపము.