మూడు గీతలు చెప్పే కెరియర్ పాఠం

లాల్‌గడి మలక్‌పేటలో బస్సెక్కి షామీర్‌పేట మీదుగా సిటీకి వస్తున్నారనుకోండి. ఓసారి తోటి ప్రయాణికుల కాళ్లకేసి చూడండి. మూడు గీతల బూట్లు ఒకటి రెండు జతలైనా కనబడతాయి. పేరు చదవక్కర్లేదు, అడిడాస్ అని మీకు తెలిసిపోతుంది. గుర్తుకు అంత బలం ఎలా వచ్చింది? లోగో డిజైన్, బ్రాండింగ్ రంగంలో ఉద్యోగం కోసం చూస్తున్నవారు అడాల్ఫ్ డాస్లర్ గురించి తెలుసుకోవాల్సిందే.

ఆయన 1900 నవంబరు 3న జర్మనీలోని హెర్జోగెనౌరాఖ్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. తండ్రి బూట్ల ఫ్యాక్టరీలో కార్మికుడు. తల్లి ఇంట్లోనే లాండ్రీ నడిపేది. అడాల్ఫ్ నేర్చుకున్నది బేకరీ పని, మనసు మాత్రం ఆటల మీద. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక అమ్మ బట్టలుతికే గదిలోనే బూట్లు కుట్టడం మొదలెట్టారు. సరుకు దొరకని రోజులవి. సైన్యం వదిలేసిన సామాన్ల నుంచే పనికొచ్చేవి ఏరుకునేవారు.

1924లో అన్న రుడాల్ఫ్‌తో కలిసి కంపెనీ పెట్టారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 4 స్వర్ణాలు గెలిచిన జెస్సీ ఓవెన్స్ వాడింది వీళ్ల బూట్లే. తర్వాత అన్నదమ్ములకు పడలేదు. 1948లో విడిపోయారు. అన్న పెట్టిన కంపెనీయే ప్యూమా. తమ్ముడు తన ముద్దుపేరు 'ఆడి'కి ఇంటిపేరులోని 'డాస్' కలిపి, 1949 ఆగస్టు 18న 'అడిడాస్' రిజిస్టర్ చేశారు. అప్పటికి వయసు దాదాపు 49, పనివాళ్లు 47 మంది. మళ్లీ మొదటి నుంచీ మొదలన్నమాట!

మూడు గీతల బూటును కూడా అదే రోజు రిజిస్టర్ చేయించారు. ఆ గీతలు మొదట అలంకారం కాదు. బూటు సాగిపోకుండా పక్కల పట్టి ఉంచే తోలు పట్టీలు. పనికొచ్చే పట్టీనే దూరం నుంచి కనబడే గుర్తుగా మార్చడం ఆయన తెలివి. 1954 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్లో ఆయన బూట్లతో పశ్చిమ జర్మనీ గెలిచాక ఆ గుర్తు దేశమంతా తెలిసింది.

1967లో కంపెనీ ట్రాక్‌సూట్ల తయారీకీ దిగింది. బూటు పక్కన ఒదిగిన గీతలు ఒక్కటే బట్టలకు చాలవు కదా. అందుకే 1970ల మొదట్లో మూడాకుల లోగో వచ్చింది. గమనించారా? కొత్తది గీసినా పాతదాన్ని పారేయలేదు. ఆకుల మీదుగా మూడు గీతలను నడిపించారు. పాత బ్రాండ్‌కు కొత్త లోగో చేసేటప్పుడు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే: ఏది మార్చకూడదు?

1978 సెప్టెంబరు 6న డాస్లర్ కన్నుమూశారు. అసలు పాఠం 41 ఏళ్ల తర్వాత వచ్చింది. 2019 జూన్‌లో యూరోపియన్ యూనియన్ జనరల్ కోర్టు మూడు గీతల రిజిస్ట్రేషన్లలో ఒకటి చెల్లదని తేల్చింది. రిజిస్టర్ చేసింది తెల్లటి నేపథ్యం మీద నల్ల గీతలు. సాక్ష్యంగా చూపినవాటిలో చాలావరకు నల్లటి నేపథ్యం మీద తెల్ల గీతలు! రంగులు తిరగేస్తే అదే గుర్తు కాదంది కోర్టు. ఇతర రిజిస్ట్రేషన్లు ఉన్నాయి కాబట్టి గీతలు పోలేదు, ఆ ఒక్కటీ పోయింది.

అందుకే పోర్ట్‌ఫోలియోలో అందమైన లోగో పెట్టేసి ఊరుకోకండి. దాన్ని ఎలా వాడాలో రెండు పేజీలు చేర్చండి. ఎంత చిన్న సైజు వరకు వాడొచ్చు, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, ముదురు రంగు మీద ఎలా కనబడాలి, ఏం చేయకూడదు అన్నవి రాయండి. మన హైదరాబాద్‌లోనే రాయదుర్గంలోని ఎఫ్‌డీడీఐలో ఫుట్‌వేర్ డిజైన్, మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో అప్లైడ్ ఆర్ట్ నేర్చుకోవచ్చు. ఏ కోర్సు చేసినా ఇంటర్వ్యూలో లోగో చూపించేవాళ్లు చాలామందే ఉంటారు. దాన్ని కాపాడే పద్ధతి కూడా చూపించండి, మీరు వేరుగా కనబడతారు.